ఆరోగ్యవంతుడి నమూనా

అన్నకి సూదంటే భయం. ఒంటి చేత్తో కంప్రెసర్ ఎత్తి వ్యాన్‌లో పెట్టే మనిషి, చెల్లెలు సిరంజి తీయగానే మొహం గోడవైపు తిప్పేసుకుని ఆపకుండా మాట్లాడేవాడు. ఏం మాట్లాడుతున్నాడో ఆయనకే తెలిసేది కాదు.

"అయిందా?"

"ఇంకా పొడవనేలేదన్నయ్యా."

"మరి నొప్పెందుకు పుడుతోందే?"

"నీ నొప్పి నోట్లో ఉంది, చేతిలో కాదు."

ల్యాబులో ఉన్నవాళ్ళంతా నవ్వేవారు. అన్న ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్కు. ల్యాబులోని పెద్ద ఫ్రీజర్ మొరాయించిందని పిలిస్తే వచ్చి, పని ముగించి, చెల్లెలు అడిగితే కాదనలేక చెయ్యి చాపాడు. ఆ తర్వాత ఫ్రీజర్ చూడడానికి వచ్చినప్పుడల్లా రక్తమిచ్చి వెళ్ళడం అలవాటైపోయింది.

చెల్లెల్ని ఇంట్లో చిన్ని అంటారు. జుట్టు సగం నెరిసినా ఆ పిలుపు మారలేదు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే "తీరిక లేదు" అనేది. అది కుంటిసాకేమీ కాదు, నిజంగానే లేదు. కింద టైర్ల గోదాము, పైన మూడు గదుల ల్యాబు. పొద్దున్నే రబ్బరు వాసన పీల్చుకుంటూ మెట్లెక్కితే, మళ్ళీ దిగేసరికి వీధి దీపాలు వెలిగేవి. ఆదివారం మాత్రం అన్న ఇంట్లో భోజనం. వదినకీ ఆమెకీ మాటలు మొదలైతే అన్న తన పళ్ళెం తనే కడుక్కుని వెళ్ళి పడుకునేవాడు. వాళ్ళకి పిల్లల్లేరు. వదిన వైపు వాళ్ళు ఒక్కొక్కరే పోయారు. ఆ ఇంటికి చుట్టమన్నా పక్కమన్నా చిన్నే.

ల్యాబులో వాళ్ళు చేసేది ఒక పరీక్ష. కాలేయంలో కేన్సర్ గడ్డ బఠాణీ గింజంత ఉన్నప్పుడే, మనిషికి ఉలుకూ పలుకూ లేనప్పుడే, కాస్త రక్తంతో దాన్ని పట్టుకోవాలి. అంత చిన్నప్పుడు పట్టుకుంటే కోసి తీసేయొచ్చు, మనిషి నిక్షేపంగా బతుకుతాడు. ఆలస్యమైతే డాక్టర్లు కూడా దేవుడి వైపే చూస్తారు.

పట్టుకునే పని అయస్కాంత కణాలది. కంటికి ఆనని ఇనుప తుప్పు రేణువులు అవి. నీళ్ళలో కలిపితే పల్చటి టీ డికాక్షన్ రంగులో ఉంటాయి. ఒక్కో రేణువుకీ ఓ పూత పూస్తారు. గడ్డ నుంచి రక్తంలోకి ఊరే ఒక ప్రోటీను ఆ పూతకి అతుక్కుంటుంది. రక్తంలో ఈ కణాలు కలిపి కాసేపాగి, గొట్టం పక్కన అయస్కాంతం పెడితే, కణాలన్నీ పట్టుకున్నదాన్ని వదలకుండా ఆ వైపు గోడకి చేరి గోధుమరంగు మచ్చలా నిలబడతాయి. మిగతాదంతా పారబోసి, మచ్చని కడిగి, మెరిసే రంగు కలిపి యంత్రంలో పెడితే, ప్రోటీను ఎంతుంటే గొట్టంలో అంత వెలుగు.

అసలు చిక్కు కడగడంలో ఉంది. తక్కువ కడిగితే అక్కర్లేని చెత్త కూడా అంటుకుని ఉండిపోయి, జబ్బు లేనివాడి గొట్టం కూడా వెలుగుతుంది. ఎక్కువ కడిగితే పట్టుకున్నది కూడా జారిపోతుంది. ఎంత కడగాలో తెలియాలంటే ముందు జబ్బు లేని మనిషి రక్తం కావాలి. ఆ రక్తంలో వచ్చే వెలుగే సున్నా. ఆ సున్నా మీదే మిగతా లెక్కంతా నిలబడుతుంది.

ల్యాబు నడిపే డాక్టరమ్మది ఒక కట్టుబాటు. పరీక్ష చేసే మనుషులు తమ రక్తం వాడకూడదు. "మన రక్తమైతే మన కన్ను మనకే అబద్ధం చెబుతుంది" అనేది. అందుకని చిన్ని, ఫ్రీజర్ పనికొచ్చిన అన్నని అడిగింది. తాగడు, కాల్చడు. జలుబు చేసి మూల కూర్చున్న రోజు ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. మామూలు పరీక్షలన్నీ చేయిస్తే ఒక్కదాంట్లోనూ వంక లేదు. అందరూ ఆయన్ని 'ఆరోగ్యంగారు' అని పిలవడం మొదలుపెట్టారు. ఆయన కూడా మెట్లెక్కుతూనే "ఆరోగ్యంగారొచ్చారు, సూది దాచెయ్యండి" అని అరిచేవాడు.

మొట్టమొదటిసారే ఆయన గొట్టం కాస్త ఎక్కువ వెలిగింది.

చిన్ని మొహం చిట్లించింది. బ్లడ్ బ్యాంకు నుంచి తెప్పించిన రక్తాలు కూడా ఉన్నాయి, అవి అంత వెలగలేదు. కానీ అవి ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, కరిగించి, ఎన్ని చేతులు మారాయో తెలియని నిలవ సరుకు. నిలవ ఉంటే ప్రోటీన్లు చెడతాయి, వెలుగు తగ్గుతుంది. అన్నది అప్పటికప్పుడు తీసిన తాజా రక్తం. కాబట్టి తాజా రక్తం చెప్పేదే నిజమనుకుంది. ఆ మాటలో కొంత నిజముంది కూడా. పూర్తి అబద్ధాన్ని ఎవరైనా పట్టుకుంటారు; కొంత నిజం కలిసిన అబద్ధమే కొంపలు ముంచుతుంది.

చదువుకోనివాడు తప్పు చేస్తే దారినపోయేవాడైనా చెబుతాడు. చదువుకున్నవాడు తప్పు చేస్తే దానికి కారణాలు కూడా తనే సొంతంగా తయారుచేసుకుంటాడు. చిన్ని దగ్గర కారణాలకి కొదవ లేదు. పూత సరిగా పట్టలేదంది, పూత మార్చింది. వెలుగు తగ్గింది. ఇంకొన్నాళ్ళకి అన్న మళ్ళీ వచ్చి రక్తమిస్తే మళ్ళీ పెరిగింది. కణాలు ఉండకట్టాయంది. కడిగే నీళ్ళలో సబ్బు పెంచింది, ఉప్పు పెంచింది, ఇంకోసారి కడిగింది. మళ్ళీ తగ్గింది. అన్న వచ్చాడు, మళ్ళీ పెరిగింది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నట్టు పట్టుదలకి పోయి, ఏడాదికి పైగా ఆ వెలుగుతో కుస్తీ పట్టింది. డాక్టరమ్మ కూడా "నీ కణాలకి జిగురెక్కువమ్మా" అనేదే తప్ప, ఆ వెలుగు కణాలది కాదేమో అనలేదు. ల్యాబులో ఎవరికీ తట్టలేదు. ఎలా తడుతుంది? ఎదురుగా నిలబడి ఫ్రీజర్ని ఒక్కడే జరిపి, వెనకాల దుమ్ము దులిపి, జోకులేసి వెళ్ళే మనిషిని చూసి రోగమని ఎవడనుకుంటాడు?

చివరికి ఒకరోజు అన్న గొట్టం చీకటిగా వచ్చింది. చిన్ని చిన్నపిల్లలా గెంతింది. ల్యాబులో అందరికీ మిఠాయి పంచింది. అన్నకి ఫోన్ చేసి, "గెలిచానన్నయ్యా, నీ రక్తం ఇప్పుడు మంచినీళ్ళంత శుభ్రంగా ఉంది" అంది.

"మరి ఇన్నాళ్ళూ మురికా?" అన్నాడాయన.

అప్పటికే ఆయన ప్యాంటు నడుము దగ్గర వదులైంది. సన్నబడుతున్నానని సంబరపడుతున్నాడు.

ఆ తర్వాత పెద్దాసుపత్రి వాళ్ళు కొందరు రోగుల రక్తం పంపారు. చిన్న గడ్డలున్నాయని స్కాన్‌లో తేలినవాళ్ళే అందరూ. ఆ సంగతి తెలిసి చేసిన పరీక్షే, అయినా సగం మందికి జబ్బు లేదని వచ్చింది. డాక్టరమ్మ మొహం మాడ్చుకుంది. ల్యాబులో లెక్కలు చూసే ఆయన ఉన్నాడు, అందరూ లెక్కలాయన అంటారు. నోరు కాస్త దురుసు, మనసు మంచిది. ఆయన గడ్డం గోక్కుని, "ఇంకో తాజా రక్తం పెట్టి చూద్దాం. మా ఆవిణ్ణి తీసుకొస్తాను, సూదికి భయపడదు, నాకే భయపడదు" అన్నాడు.

ఆయన భార్య వచ్చింది, రక్తమిచ్చింది, మెట్లు దిగి వెళ్ళిపోయింది. యంత్రం అంకె చూపించింది. సున్నా కంటే కిందకి వచ్చింది.

లెక్కలాయన పగలబడి నవ్వాడు. "చూశారా మేడమ్, జబ్బు లేకపోవడంలో కూడా మా ఆవిడ అందరికన్నా నాలుగాకులు ఎక్కువే చదివింది!"

చిన్ని కూడా నవ్వింది. నవ్వుతూ గొట్టం కడగడానికి సింకు దగ్గరికి వెళ్ళి కుళాయి తిప్పింది. నీళ్ళు పోతూనే ఉన్నాయి. అక్కడే నిలబడిపోయింది. జబ్బు లేని మనిషికంటే తక్కువ ఎవరికీ ఉండదు. లెక్కలాయన భార్య సున్నా కంటే కింద ఉందంటే, తాము గీసుకున్న సున్నా గీత నేలమీద లేదు. ఎక్కడో మధ్యలో ఉంది. అన్నని ఎక్కడ నిలబెట్టారో అక్కడుంది.

ఆమె కుళాయి కట్టేసింది. అన్న బాగుచేసిన ఫ్రీజర్ తెరిచి, అన్న ఇచ్చిన రక్తాల్లో మిగిల్చి దాచినవన్నీ మొదటి దాని నుంచీ వరసగా తీసింది. లెక్కలాయన భార్య రక్తం కూడా పక్కన పెట్టి, మొదట్లో ఎలా మెల్లగా కడిగేదో అలాగే కడిగింది. అయస్కాంతం పెట్టింది. గోధుమరంగు మచ్చలు గోడకి చేరాయి, అన్నీ ఒకేలా, బుద్ధిగా. రంగు కలిపి యంత్రంలో పెట్టి, కుర్చీలో కూర్చుంది.

వరసగా వెలుగు పెరుగుతూ వచ్చింది. ఎక్కడా తగ్గలేదు. మొదటి గొట్టమే లెక్కలాయన భార్య కంటే ఎక్కువుంది. చివరి గొట్టానికి యంత్రం అంకె చూపించలేకపోయింది.

కణాలు ఒక్కరోజు కూడా అబద్ధమాడలేదు. మొదటి రోజు నుంచీ చెబుతూనే ఉన్నాయి. అవి చెప్పినప్పుడల్లా ఆమె ఇంకాస్త సబ్బు కలిపి, ఇంకోసారి కడిగి, వాటి నోరు మూయించింది.

స్కాన్‌కి రమ్మంటే అన్న ఒక పట్టాన రాలేదు. "పరీక్షకి పనికొస్తుంది, నాకోసం రా" అని అబద్ధమాడి తీసుకెళ్ళింది. సూది లేదనేసరికి ఆయన హుషారుగా బల్లెక్కి పడుకున్నాడు. ఆసుపత్రి డాక్టరు చిన్నిని పక్కగదిలోకి పిలిచి తెరమీద చూపించాడు. కాలేయంలో ఒక పెద్ద గడ్డ, చుట్టూ చిన్నవి. కోసే దశ దాటిపోయింది. మందులతో కొన్నాళ్ళు తోసుకురావచ్చు.

"ఏడాదిన్నర ముందొచ్చి ఉంటే ఆపరేషన్ చేసేవాళ్ళం. ఈ జబ్బుతో వచ్చిన చిక్కే ఇది. ముందు తెలీదు కదండీ" అన్నాడాయన, ఓదార్పుగా.

చిన్ని బయటికొచ్చి, బల్ల దిగుతున్న అన్నకి చెప్పులు అందించింది.

ఆ సాయంత్రం వదిన ఏడ్చి ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, చిన్ని రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. "నువ్వు లేకపోతే ఇది కూడా తెలిసేది కాదు. ఆయనకి నొప్పొచ్చి పడిపోయేదాకా నేను సన్నబడ్డాడనే మురిసిపోతూ ఉండేదాన్ని. నీ చదువే మమ్మల్ని ఆదుకుంది." ఇరుగుపొరుగుతో కూడా అదే మాట. మందుల షాపతనితో అదే మాట. మా ఆడపడుచే కనిపెట్టింది, రక్తం చూసి కనిపెట్టింది. వింటున్నవాళ్ళు చిన్ని వైపు గౌరవంగా చూసేవారు. ఆ చూపులు పడ్డప్పుడల్లా ఆమెకి చెప్పుతో కొట్టినట్టుండేది. మింగలేక కక్కలేక, పని ఉందని లేచి వచ్చేసేది.

చిన్ని సంగతంతా చెప్పాక, డాక్టరమ్మ తన గది తలుపు వేసి ఆమెతో మాట్లాడింది. "సున్నాని ఒక్క మనిషి మీద నిలబెట్టనిచ్చింది నేను. ఆ తప్పు నాది. నువ్వు మీ అన్నయ్యకి చెప్పాలనుకుంటున్నావా?"

"చెప్పకుండా ఎలా మేడమ్?"

"చెప్తే నీ గుండె బరువు దిగుతుంది. దింపి ఎవరి నెత్తిన పెడతావు? ఆయన నెత్తిన. ఉన్న నాలుగు రోజులూ ఆయన జబ్బుతో పడాలా, నీ తప్పుతో పడాలా? ఆలోచించుకో."

చిన్ని ఆలోచించుకుంది. డాక్టరమ్మ మాట సబబే. సబబైన మాట వినడానికి ఎంత హాయిగా ఉందో చూసుకుని, అందుకే దాన్ని నమ్మలేకపోయింది. చెప్పకపోవడం అన్నకి మంచిదా, తనకా? ఎంత కడిగినా ఆ రెండూ విడిపోలేదు. ఇవాళ చెబుదాం అనుకుని వెళ్ళేది, అన్న ఏదో జోకు వేసేవాడు, నవ్వి వచ్చేసేది.

మందులు మొదలయ్యాక అన్న వేగంగా చిక్కిపోయాడు. చొక్కాలన్నీ వదినే కూర్చుని చిన్నవిగా కుట్టింది. ఆసుపత్రిలో ఎన్ని పరీక్షలు చేసినా ఆయనకి నమ్మకం కుదిరేది కాదు. "వాళ్ళవి వద్దే. నీ పరీక్షలో చూడు, నీదైతే ఉన్నది ఉన్నట్టు చెబుతుంది" అని చెయ్యి చాపేవాడు. ఇప్పుడు కొత్త సున్నా పెట్టారు. చాలామంది తాజా రక్తం తీసి పెట్టారు. పరీక్ష బాగా పనిచేస్తోంది. చేతులు కాలాక పట్టుకున్న ఆకులు అవి.

ఒక మధ్యాహ్నం వదిన మందులకని బజారుకెళ్ళింది. కిటికీ పక్క మంచంమీద అన్న దిండుకి ఆనుకుని ఉన్నాడు. చిన్ని ఆయన మోచెయ్యి మీద నరం వెతుకుతోంది. దొరకడం లేదు. ఆయన గోడ వైపు తిరగలేదు, సూదినే చూస్తున్నాడు. ఆ భయం కూడా పోయింది మనిషికి.

"చిన్నీ, ఒకటడుగుతాను. ఇది నాకు ఎప్పుడు మొదలైందంటావు?"

"ఎందుకన్నయ్యా ఇప్పుడు?"

"ఊరికే. మొదట్లో నా రక్తం బాగానే ఉండేదిగా. ఎన్నిసార్లిచ్చాను! ఎప్పటిదాకా బాగుందో నీకు తెలుస్తుంది కదా. ఆ తర్వాత నేనేం చేశానా అని ఆలోచిస్తున్నాను. ఆ ఫ్రిజ్‌ల గ్యాసు పీల్చడం వల్లా? బయట తిండి వల్లా? మీ వదిన చెబుతూనే ఉండేది, నేనే వినలేదు."

అలా పడుకుని, తన తప్పేమిటో వెతుక్కుంటున్నాడు మనిషి. చిన్ని సిరంజి పక్కన పెట్టేసింది.

"నువ్వేం చెయ్యలేదన్నయ్యా. మొదటిసారి ఇచ్చినప్పుడే ఉంది."

ఆయన అర్థం కానట్టు చూశాడు. ఆమె చెప్పింది. మొదటి గొట్టం గురించి చెప్పింది, నిలవ రక్తం గురించి, సబ్బు గురించి, మళ్ళీ మళ్ళీ కడగడం గురించి చెప్పింది. గొట్టం చీకటైన రోజు మిఠాయి పంచిన సంగతి కూడా చెప్పింది. ఒక్కటీ దాచలేదు.

కిటికీ బయట ఎవరిదో బండి స్టార్టవ్వక గింజుకుంటోంది.

"అన్నిసార్లు చూశావు" అన్నాడు చివరికి. గొంతు చిన్నగా ఉంది. "ఒక్కసారి... ఒక్కసారైనా అనిపించలేదా నీకు, వీడికేమైనా అయిందేమోనని?"

"లేదన్నయ్యా."

"ఒక్కసారి కూడా?"

"నీకు జబ్బేంటి అనుకున్నాను. కణాల్ని అనుమానించాను, పూతని అనుమానించాను, యంత్రాన్ని అనుమానించాను. నిన్ను అనుమానించాలని తోచలేదు."

అన్న మొహం ఎర్రబడింది. పక్కనున్న గ్లాసు తీసి నేలకేసి కొట్టబోయాడు. చేతిలో బలం చాలక గ్లాసు దుప్పటి మీదే పడి, నీళ్ళు ఒలికాయి. తడిసిన దుప్పటి చూసుకుంటూ ఏడ్చాడు. చిన్ని తాకబోతే చెయ్యి తోసేశాడు. "ముట్టుకోకు" అన్నాడు. ఆమె మంచం కోడు దగ్గర కింద కూర్చుండిపోయింది. ఇద్దరూ చెరోవైపు చూస్తూ ఏడ్చారు. ఒకరినొకరు ఓదార్చుకునే దారి లేకపోయింది.

కాసేపటికి కింద గేటు చప్పుడైంది. వదిన ఎవరితోనో మాట్లాడుతోంది, మెట్ల దగ్గర.

అన్న చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు. "మీ వదినకి చెప్పావా?"

"లేదు. ఇవాళ చెప్పేస్తాను."

"చెప్పకు."

"అన్నయ్యా..."

"నోర్మూసుకుని విను, అదొచ్చేస్తోంది. నాకు కోపం లేదనుకోకు. చాలా ఉంది. తగ్గుతుందో లేదో కూడా తెలీదు. కానీ నా కోపం నాతో పోతుంది. తెలిస్తే మీ వదిన నిన్ను ఎప్పటికీ క్షమించలేదు, దాని సంగతి నాకు తెలుసు. నేను పోయాక దానికి నువ్వు తప్ప ఎవరున్నారే? తలుపు కొట్టడానికి ఒక మనిషుండాలి కదా. దానికి నన్నెలాగూ లేకుండా చేశావు. నిన్ను కూడా దానికి లేకుండా చెయ్యకు."

"ఎన్నాళ్ళు దాచను? వదిన నాకు దణ్ణాలు పెడుతుంటే నేనెలా..."

"పెట్టించుకో" అన్నాడు అన్న. "అదే నీకు శిక్షనుకో."

వదిన లోపలికొచ్చింది. మందుల సంచి బల్లమీద పెట్టి, ఇద్దరి కళ్ళూ చూసి, తడిసిన దుప్పటి చూసింది. దుప్పటి లాగి పొడిది కప్పింది. తర్వాత చిన్ని పక్కన నేలమీద కూలబడి, ఆమె తల తన భుజానికి ఆనించుకుంది.

"ఏడవకే. నువ్వు చెయ్యాల్సిందంతా చేశావు. నువ్వే చూడకపోతే మాకు ఈ మాత్రం రోజులు కూడా దక్కేవి కాదు" అని, మంచం వైపు తిరిగి, "మీరైనా చెప్పండి దానికి" అంది.

చిన్ని తలెత్తి అన్న వైపు చూసింది. ఆయన కిటికీ బయటికి చూస్తున్నాడు.

"అవునే" అన్నాడు. "చిన్నే కనిపెట్టింది."

వదిన ఇంకాస్త దగ్గరికి లాక్కుని వీపు నిమిరింది. ఆ చేతి కింద చిన్ని కదలకుండా కూర్చుంది.